రెండు గీతలే కదా!

బొమ్మలేసే మనిషికి ఫోను చేసినవాళ్లు డబ్బుల సంగతి ఎలా దాటవేస్తారో బెజవాడలో ఉండి ఉండి నాకు కంఠతా వచ్చేసింది. ముందు యోగక్షేమాలు. తరవాత మన బొమ్మలు ఎక్కడో చూశామనీ, ఎంతో బాగున్నాయనీ నాలుగు మంచి మాటలు. ఆపైన అసలు మాట: "పెద్ద పనేం కాదమ్మా, రెండు గీతలే కదా, ఖాళీగా ఉన్నప్పుడు గీసిపెట్టు." పని చిన్నది కాదు, గీతలు రెండు కావు, నేను ఖాళీగానూ లేను. అయినా "అలాగేనండీ" అంటాను. నెలజీతం లేని బతుకులో ముందుగా నేర్చుకునే మాట అదే.

విడిగా బొమ్మలేసుకుని బతికేవాళ్ల క్యాలెండరు వేరు. డిసెంబరులో పుస్తకాల కవర్లు, మాఘమాసం ముందు పెళ్లి కార్డులు, బడులు తెరిచే ముందు గోడలు, ఎన్నికలొస్తే ఎవరో ఒకరి మీద వ్యంగ్య చిత్రాలు, మిగతా నెలల్లో పాత బాకీల కోసం ఫోన్లు. ఈమధ్య చేసిన పనులు కొన్ని చెప్పుకోవాలనిపించింది. బొమ్మలు గొప్పవని కాదు. ఆ రెండు గీతల వెనక ఏం జరుగుతుందో నలుగురికీ తెలిస్తే ఫోనులో ఆ మాట కాస్త తగ్గుతుందేమోనని ఆశ.

నిజానికి ఈ ఊళ్లో ఈ పనికి కరువు ఉండకూడదు. ఏలూరు రోడ్డు, గవర్నరుపేట సందుల్లో ప్రచురణకర్తలు, ప్రెస్సులు, బైండింగు షెడ్లు. బందరులో మొదలైన ఎమెస్కో ఇక్కడికే వచ్చి చేరింది. ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే పుట్టింది. దాని వారపత్రికను పురాణం సుబ్రహ్మణ్యశర్మ నడుపుతున్న రోజుల్లోనే అనకాపల్లి చిత్రకారుడు శంకరరావు గారు 'బాలి' అయ్యారు, ఆ పేరు పెట్టింది పురాణం వారే. కార్టూనిస్టు మోహన్ విశాలాంధ్రలో పనిచేసిందీ ఈ ఊళ్లోనే. బాపు మద్రాసులో కూర్చుని గీసినా, ఆ గీతల్లో ఎన్నో బెజవాడ నవోదయ వారి పుస్తకాల మీదెక్కి మన ఇళ్లకు వచ్చాయి. ఇప్పుడు బాపు చేతిరాత కంప్యూటర్లో ఫాంటు. పెళ్లి కార్డు నుంచి పచ్చడి సీసా దాకా అదే అక్షరం. ఆ ఫాంటు పెట్టేస్తే కవరు మీద బాపు బొమ్మ ఉన్నట్టేనని నమ్మే పార్టీలూ ఉన్నాయి. నేనేం అనను.

డిసెంబరు సంగతి చెప్పాలి. జనవరి మొదట్లో ఇక్కడ పుస్తకాల పండగ. ఏళ్ల తరబడి స్వరాజ్ మైదానంలో జరిగేది. అక్కడ అంబేడ్కర్ విగ్రహం వచ్చాక స్టాళ్లు వేరే చోట్లకు మారాయి గానీ కాలం మారలేదు. నవంబరు ఆఖరు దాకా కదలని రచయితలకు డిసెంబరు రాగానే పుస్తకం గుర్తొస్తుంది. పుస్తకానికి కవరు ఉంటుందన్న సంగతి ఇంకో రెండు వారాలకు గుర్తొస్తుంది. లోపలి పేజీలు ప్రెస్సులో తిరుగుతుంటాయి, ఈ లోపు "సాయంత్రానికి ఒక కవరు" అని ఫోను.

మొన్నటి డిసెంబరులో అలా వచ్చిన ఫోను దివిసీమ నుంచి. రిటైరైన హెడ్మాస్టరు గారు, ఆత్మకథ రాసుకున్నారు. "అమ్మాయ్, కవరు మా మనవడు చేసేశాడు. నువ్వు కాస్త సరిచేస్తే చాలు" అన్నారు. వాట్సాప్‌లో వచ్చింది. కృత్రిమ మేధను అడిగి చేయించిన బొమ్మ. పచ్చని వరిచేలు మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. వెనక నీలి కొండలు. ముందు ఎడ్లబండి, బండి మీద తలపాగా పెద్దాయన, పక్కన నవ్వుతున్న ఒకావిడ. ఆవిడ చీరకట్టు ఏ రాష్ట్రానిదో చెప్పలేం. పుస్తకం పేరు ఉండాల్సిన చోట దూరం నుంచి తెలుగులాగా, దగ్గరికెళ్తే ఏమీ కానట్టుగా ఉన్న అక్షరాలు. రంగులు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

"మాస్టారూ, అవనిగడ్డ పక్కన కొండ ఎక్కడుందండీ?" అన్నాను.

కాసేపు మాట లేదు. "లేదనుకో. కానీ బాగుంది కదా?" అన్నారు.

బాగుంది. అందులో అబద్ధమల్లా ఊరే. ఉయ్యూరు దాటి కరకట్ట వెంట కిందికి పోతే, హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసేదాకా గుట్టన్నది కనపడదు. చేలు బల్లపరుపు. కాలవ గట్టే ఎత్తు, గట్టు మీద తాడిచెట్లే నిలువు గీతలు, మిగతాదంతా అడ్డగీత. ఆ అడ్డగీత వేయడానికి చెయ్యి నిలవాలి. ఎక్కడైనా పొరపాటున ఎత్తిందంటే అది డెల్టా కాకుండా పోతుంది. యంత్రం మీద నాకు కోపం లేదు, దానితో నేనూ అప్పుడప్పుడూ పని చేయించుకుంటాను. 'పల్లెటూరు' అని అడిగితే అది లోకంలోని పల్లెలన్నీ కలిపి ఒకటి ఇస్తుంది. మాస్టారు బతికిన ఊరు కావాలంటే మాస్టారునే అడగాలి.

అందుకని పుస్తకం పంపమన్నాను. చదివితే తప్ప గీయనంటే ఆయన ఆశ్చర్యపోయారు, చదువుతానన్నందుకు సంతోషించారు కూడా. సగం పుస్తకం బదిలీలు, సీనియారిటీ జాబితాలు, రావాల్సిన ఎరియర్సు. ఎరియర్సు మీదే రెండు అధ్యాయాలు, అవి చదువుతుంటే నాకూ కోపం వచ్చింది, అంత బాగా రాశారు. మధ్యలో ఎక్కడో కొద్ది పేజీలు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరిన కొత్త. ఆ పేజీల్లో విశేషణాలు లేవు. ఎవరు ఎక్కడ దొరికారో, ఎవరు దొరకలేదో పేర్లు రాసుకుంటూ పోయారు.

వీడియో కాల్ చేసి అడిగాను, "నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" అని. ఆయన కుర్చీలోంచి లేచి చెయ్యి పైకెత్తారు. "ఇందాకా" అన్నారు. ఫోనులో చెయ్యి కనపడలేదు, ఫ్రేములోంచి బయటికి పోయింది. మోచేయి దాకా కనిపిస్తోంది, అంతే.

కవరు అదే వేశాను. అడుగున సన్నటి అడ్డగీత, దాని మీద చిన్నగా రెండు తాడిచెట్లు, కుడిపక్క నుంచి పైకి లేచిన చెయ్యి, మణికట్టు పైన కవరు అంచు. చొక్కా చేతి మడత వేయడానికి పట్టిన సమయం మిగతా అంతటికీ పట్టలేదు. మాస్టారు చూసి, "చెయ్యి నాదే. మరి నా మొహమేదమ్మాయ్?" అన్నారు. వెనక అట్ట మీద సూటు వేసుకున్న ఫొటో పెట్టాక రాజీ కుదిరింది. డబ్బులు సగం ముందే పంపారు, మిగతా సగంతోపాటు ఒక పెట్టె బందరు లడ్డు కూడా వచ్చింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అడగకుండానే బాకీ తీర్చినవాళ్లలో బడిపంతుళ్లే ఎక్కువమంది, ఎరియర్సు బాధ తెలిసినవాళ్లు కాబట్టి.

పెళ్లి కార్డుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వధూవరుల బొమ్మలు కార్టూనులాగా కావాలంటారు, గీశాక "కార్టూనులాగా ఉంది" అని ఫిర్యాదు చేస్తారు. జుట్టు పెంచాలి, బొజ్జ తగ్గించాలి, వియ్యంకుడి గారి రంగు తేల్చాలి. అన్నీ చేస్తాను. ఇంటి అద్దె ఆ కార్డులే కడతాయి.

పెడన పని వేరే రకం. అక్కడ కలంకారీ అద్దకం చేసే ఒకాయన కొత్త అచ్చుకు బొమ్మ అడిగారు. చీర అంచుకు పనికొచ్చేది, ఇంతకుముందు ఎవరూ వేయనిది. బుడమకాయ తీగ ఒకటి గీసుకుని, కాగితం పట్టుకుని బస్సెక్కాను. ఆయన చూసి తల ఊపి, అచ్చు చెక్కే మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. ఆ పెద్దాయన అద్దాలు నుదుటి మీదికి తోసి, నా గీతల మీద గోరుతో ఒక్కొక్కటే తడుముతూ పోయారు. "ఇది నిలవదు. ఇది నిలవదు. ఇది నిలుస్తుంది." టేకు చెక్కలో గీత అంటే గీయడం కాదు, చుట్టూ చెక్క తీసేయగా మిగిలేది. కాగితం మీద వెంట్రుకంత సన్నగా వేసి మురిసిపోయిన తీగ చెక్కలో నాలుగు దెబ్బలకే విరిగిపోతుంది. పైగా ఈ అంచు ఆ అంచుతో కలవాలి, ఒక అద్దు పక్కన ఇంకో అద్దు పడినప్పుడు తీగ తెగినట్టు ఉండకూడదు. చెక్క మీద ఎడమది బట్ట మీద కుడి అవుతుంది. ఇవన్నీ ఆయన నోటితో చెప్పలేదు, నా కాగితాన్ని తిరగేసి వెలుతురులో పట్టుకుని చూపించారు.

తరవాత అద్దకం చూపించారు. బట్టకు ముందే కరక్కాయ పట్టిస్తారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు ఆ బట్టకు తగలగానే నల్లబడతాయి. పటిక అద్దిన చోట మాత్రం అప్పటికి ఏమీ కనపడదు. కాలవ నీళ్లలో జాడించి, ఆకులూ వేళ్లూ వేసిన బానలో ఉడకేస్తే అప్పుడు ఎర్రగా తేలుతుంది. ట్యాబ్లెట్ మీద పని చేసే నాకు, తప్పు పడితే వెనక్కి తెచ్చుకునే మీట ఉంటుంది. అక్కడ బాన దించేదాకా ఎవరికీ ఏమీ తెలియదు, అద్దినవాడికి తప్ప. వెనక్కి వచ్చాక బొమ్మ మళ్లీ వేశాను, లావు గీతలతో, సగం ఆకులు తీసేసి. మొదటిదానికన్నా రెండోదే బాగుందని ఒప్పుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

పార్టీలు కరెక్షన్లు చెబుతున్నప్పుడల్లా నాకు పింగళి వెంకయ్య గారు గుర్తొస్తారు. బందరు దగ్గర భట్లపెనుమర్రు మనిషి. 1916లోనే దేశానికొక జెండా ఉండాలని నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకం వేసి, కాంగ్రెస్ సభలకల్లా తిరిగి అడిగినవారికీ అడగనివారికీ చెప్పినవాడు. 1921 మార్చి ఆఖర్న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో కూడింది. రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ గారిది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం పెట్టి ఒక నమూనా తయారు చేసిమ్మని గాంధీ వెంకయ్య గారిని అడిగారు. మూడు గంటల్లో జెండా చేతికొచ్చింది. కాకపోతే కమిటీ ముందు పెట్టడానికి అది కాస్త ఆలస్యమైంది. ఇది నా కల్పన కాదు, ఆ ఏప్రిల్‌లో గాంధీయే తన యంగ్ ఇండియా పత్రికలో రాసిన సంగతి. ఆలస్యం కావడమే మంచిదైందనీ, ఆలోచించగా మిగతా మతాలకు గుర్తుగా తెలుపు కూడా ఉండాలని తోచిందనీ కూడా ఆయనే రాశారు.

మా వృత్తిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఈ కథ వింటే వెంటనే గుర్తుపడతారు. ఏళ్ల తరబడి సొంత ఖర్చుతో చేసిన కసరత్తు, హఠాత్తుగా "ఇప్పుడే కావాలి", మూడు గంటలు, "కాస్త లేటైందే", ఆపైన "ఇంకో రంగు కలుపుదాం". అడిగినవాడు గాంధీ, ఇచ్చినవాడు వెంకయ్య కాబట్టి అది చరిత్ర అయింది. వెంకయ్య గారు మాత్రం 1963లో పేదరికంలోనే పోయారు. తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది 2009లో. మనవాళ్లకు బొమ్మల మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ప్రేమ చేతికందేసరికి ఎప్పుడూ లేటవుతుంది, అదీ గొడవ.

ఇక గోడలు.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు ఈ నగరం గోడలు రంగులు పూసుకున్నాయి. అప్పటినుంచి స్వచ్ఛత ర్యాంకులనీ, సుందరీకరణ అనీ ఏదో ఒక పేరుతో ఆ పని నడుస్తూనే ఉంది. కాంట్రాక్టు చదరపు అడుగుకింత అని ఇస్తారు. పైనుంచి కిందికి చేతులు మారేసరికి బ్రష్షు పట్టినవాడికి మిగిలేది రంగు వాసన. కూచిపూడి భంగిమ, కొండపల్లి ఏనుగు అంబారీ, చెట్టు నాటుతున్న పిల్లాడు, వీటిని కళ్లు మూసుకుని వేయగల కుర్రాళ్లు ఉన్నారు, వేస్తున్నారు కూడా. వాళ్లనేం అనలేం. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసుకుని బతికిన కుటుంబాలకు ఈ గోడలే నాలుగు రాళ్లు. సున్నపు గోడ మీద నీలిమందు దారం లాగి కొట్టి, ఒక్క చూపుతో అక్షరాలు సమంగా అమర్చే పనివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడి నేను నేర్చుకున్నది కళాశాలలో నేర్చుకున్నదానికి తక్కువేం కాదు.

నేను చేసిన రెండు గోడల్లో ఒకటి సింగ్‌నగర్ వైపు బడిది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఊరి మీద పడింది. అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది, ఇవతల బుడమేరు ఇళ్లలోకి వచ్చి కదలకుండా కూర్చుంది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మనుషులు డాబాల మీద రోజులు గడిపారు. నీళ్లు తీశాక ఆ బడి గోడ నడుము దాకా మట్టిరంగు, ఆపైన మామూలు రంగు. కుర్రాళ్లు కొందరు చందాలు వేసుకుని, బడికి బొమ్మలు వేద్దామని నన్ను పిలిచారు. డబ్బు తక్కువని ముందే చెప్పారు. అలా ముందే చెప్పేవాళ్లతో పని చేయడానికి నాకు అభ్యంతరం ఉండదు.

వాళ్ల తొందర దీపావళికల్లా అయిపోవాలని. నీళ్లు తాగిన గోడ అంత త్వరగా ఆరదు. పైన పొడిగా కనిపిస్తుంది, అరచేయి ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం ఉండగా రంగు వేశామా, లోపలి చెమ్మ బయటికి రాలేక పొక్కులు లేపుతుంది, వెనకాలే తెల్లగా ఉప్పు పొంగుతుంది, మరుసటి వానకు అప్పడాల్లాగా ఊడిపడుతుంది. ఆగుదామన్నాను. సంక్రాంతి వెళ్లి ఎండలు ముదిరాక, పెచ్చులన్నీ గీకి, ఉప్పు బ్రష్షుతో దులిపి, సిమెంటు ప్రైమరు కొట్టి మొదలుపెట్టాం. ఆయిల్ పెయింటు గట్టిగా ఉంటుందని ఒకాయన పట్టుబట్టాడు. ఊపిరాడని గోడకు అది ఇంకా చెరుపు అని చెప్పి ఎమల్షనే వాడాం.

ఇలాంటి చోట్ల సాధారణంగా పిల్లలతో చేతిముద్రలు వేయిస్తారు. ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. నాకు పడదు. పిల్లల చేతికి రంగు పూసి గోడకు ఆనించడంలో పిల్లలు చేసిందేముంది? అందుకని కాగితాలిచ్చి, వరద రోజుల్లో మీరేం చూశారో గీయమన్నాను. పడవలు వస్తాయనుకున్నాను, వచ్చాయి. తేలుతున్న ఫ్రిజ్ వచ్చింది. డాబా మెట్ల మీద గేదె వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చినవి డ్రోన్లు. భోజనం పొట్లాలు డ్రోన్లతో దించారు కదా, పిల్లలకు ఆ వరదంతా డ్రోనే. దానికి రెక్కలు నాలుగా, ఆరా అని ఇద్దరు అబ్బాయిలు కొట్టుకోబోయారు. ఒక పాప మాత్రం పొట్లం విప్పి చూపించాలని పట్టుబట్టింది. "అక్కా, మూసేసి గీస్తే అందులో పులిహోర ఉందని ఎలా తెలుస్తుంది?" నిజమే. విప్పి గీశాం. కరివేపాకు కూడా పడింది.

పంతులమ్మ గారొకరికి ఇది నచ్చలేదు. "ఆ రోజులు మరిచిపోవాలని మేం చూస్తుంటే మళ్లీ గోడ మీద ఎందుకమ్మా? పూలూ సీతాకోకచిలుకలూ వేయొచ్చుగా" అన్నారు. ఆవిడ ఇల్లు కూడా మునిగింది, నా ఇల్లు మునగలేదు. ఆ మాటకు ఎదురు చెప్పే హక్కు నాకు లేదనిపించింది. ఆవిడ తరగతి ఎదురుగా ఉన్న గోడ మీద పూలే వేశాం, గేటు పక్క గోడ మీద డ్రోను. నీళ్లొచ్చిన ఎత్తు దగ్గర గీత గీసి తేదీ వేయమని చెప్పింది వాచ్‌మన్. "కొత్తగా ఇల్లు కట్టుకునేవాడు చూసి పునాది లేపుకుంటాడు" అన్నాడు. మొత్తం గోడ మీద పనికొచ్చే గీత అదొక్కటే.

బుడమేరు పోయి పోయి కొల్లేట్లో కలుస్తుంది. నా రెండో గోడ కూడా అటే, కైకలూరు వైపు ఒక అంగన్‌వాడీ. అంతకుముందు అక్కడ ఉన్న బొమ్మలు ఆపిల్, ఇగ్లూ, జీబ్రా. ఊరి చుట్టూ చేపల చెరువులు, ఏరేటర్లు, మేత బస్తాలు, ఐసు వేసుకుని కలకత్తా వైపు పోయే లారీలు. దగ్గర్లోనే ఆటపాక, గూడబాతుల కేంద్రం. ఇంత ఉండగా పిల్లలకు ఇగ్లూ ఎందుకని నా బాధ. శీలావతి, బొచ్చె, గూడబాతు, తాటిదోనె అని జాబితా రాసుకుని పెద్దల ముందు పెట్టాను. వాళ్లు విన్నారు. ఒక పెద్దాయన చుట్ట పక్కన పెట్టి, "అమ్మా, చేపలు పొద్దున లేస్తే చూస్తారు. గూడబాతులు నెత్తిమీదే తిరుగుతాయి. గోడ మీద కూడా అవే ఎందుకు? ఈ ఊళ్లో లేనివి వేయి. పులిని వేయి. విమానం వేయి. రైలు వేయి" అన్నాడు.

స్థానికత, మన సంస్కృతి, మన పిల్లలు అని నా దగ్గర బోలెడు మాటలున్నాయి. ఆయన ముందు ఒక్కటీ నిలబడలేదు. ఊళ్లో ఉన్నదాన్ని గోడ మీద చూసి మురిసిపోయేది ఊరు వదిలి వచ్చినవాళ్లే, నాబోటివాళ్లు. ఊళ్లోనే ఉండాల్సినవాళ్లకు కిటికీ అవతల ఇంకేదో కావాలి. చివరికి పులి వచ్చింది, చెరువు గట్టు మీద కూర్చుని ఏరేటరు వైపు అనుమానంగా చూస్తూ. విమానం వచ్చింది, దాని పక్కన ఎగరడానికి గూడబాతు ఒప్పుకుంది. జేసీబీ కావాలని ఒకడు ఏడిస్తే అదీ వేశాం. ఆ గోడంటే నాకు చాలా ఇష్టం. ఏ పోటీకీ పంపలేను.

ఇప్పుడు పేర్ల సంగతి. ఆ మాస్టారు గారి పుస్తకం అచ్చయి వచ్చాక తెరిచి చూశాను. కృతజ్ఞతల పేజీలో డీటీపీ చేసినవారు, ప్రెస్సువారు, ప్రూఫులు దిద్దిన కోడలు, 'ముఖచిత్ర ఆలోచన' అని మనవడు ఉన్నారు. గీసిన మనిషి పేరు లేదు. ఆయన కావాలని చేసింది కాదని నాకు తెలుసు, ఎవరికీ తట్టలేదు, అంతే. అంగన్‌వాడీ గోడ మీద రంగు ఆరకముందే శిలాఫలకం వచ్చింది, అందులో ఎవరెవరి పేర్లున్నాయో మీరు ఊహించగలరు. మనవాళ్లకు పేర్లు వేయడం రాదా అంటే, గుడిలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబులైటు పట్టీ మీద, మంచినీళ్ల కుండ మీద గోత్రంతో సహా దాత పేరు రాయగల జాతి మనది.

ఈ అలవాటు కొత్తది కూడా కాదు. కృష్ణ వెంట ఎగువన అమరావతి స్తూపం పలకల మీద రెండు వేల ఏళ్ల నాటి దానశాసనాలున్నాయి. రాజులవే కాదు, వర్తకులవి, భిక్షుణులవి, మామూలు గృహస్థులవి. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఒకటి ఇచ్చుకున్నాడు. నలుగురూ చేయి వేసి కట్టుకున్న కళ అంటే అదీ. చెప్పులు కుట్టేవాడి పేరు ఇంతకాలం నిలిచినందుకు నాకు గర్వంగానే ఉంటుంది. ఆ కుంభంలోంచి తామరలు అంత నిండుగా పొంగేలా చెక్కిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ శాసనం చెప్పదు.

అందుకని ప్రచురణకర్తలకూ, పుస్తకాలు సొంతంగా వేసుకునే రచయితలకూ ఒక మనవి. పుస్తకం వెల, ప్రతుల సంఖ్య, ప్రెస్సు ఫోను నంబరు వేసే పేజీలోనే ముఖచిత్రం ఎవరిదో ఒక్క వరుస వేయండి. కవరుకు ఇచ్చే డబ్బు ఎంతో పని మొదలుపెట్టక ముందే చెప్పండి, సగం అప్పుడే ఇవ్వండి. తక్కువైతే తక్కువని చెప్పండి, చాలాసార్లు ఒప్పుకుంటాం. బొమ్మ గీసేవాళ్లకు పుస్తకం పూర్తిగా పంపండి, చదివి గీస్తాం. గోడలు వేయించే అధికారులకు కూడా ఇదే మాట: 2028లో మళ్లీ కృష్ణా పుష్కరాలు, మళ్లీ గోడలు, మళ్లీ చదరపు అడుగుల లెక్క. ఈసారి ప్రతి గోడ కింద బ్రష్షు పట్టినవాళ్ల పేరుకు ఒక జానెడు చోటు టెండరులోనే రాసి పెట్టండి. ఇక వచ్చే పుస్తకాల పండగకు కవరు కావాల్సినవారు దసరా వెళ్లగానే ఫోను చేయండి. డిసెంబరులో చేస్తే నేను ఎత్తను.